ఏడో కాలర్ పట్టీ

మా టల్లీస్ ఫెర్రీ ఊరి లైబ్రరీలో నేలమాళిగకి దిగే మెట్లు పద్నాలుగు. ఈ లెక్క నాకు నా మోకాళ్లు నేర్పాయి. ఆ ఆగస్టు గురువారం మధ్యాహ్నం, బయట ఎండకి తారు రోడ్డు మెత్తబడిపోతుంటే, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో నోటు పుస్తకం పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగాను.

"నెమ్మది, ప్రొఫెసరు గారూ! మీరు పడితే నాలుగు కాగితాలు నింపాలి నేను," అంది వెనక నుంచి అర్డీలియా.

నేను ప్రొఫెసర్ని కాను. ముప్పై ఎనిమిదేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పాను, అంతే. నల్లవాళ్ల కాలేజీలో నాలుగేళ్లు చదివి, లాటిన్ కూడా నేర్చుకున్నాను. ఆ లాటిన్ ఇప్పుడు మందుల సీసాల మీది పేర్లు పలకడానికి పనికొస్తోంది. మా వాళ్లలో కాస్త చదివిన ప్రతివాడినీ ప్రొఫెసర్ అనడం అలవాటు. అందులో గౌరవం పాలెంతో, వేళాకోళం పాలెంతో అడగకూడదు. అర్డీలియా స్కగ్స్ ఈ లైబ్రరీకి పెద్ద. చర్చిలో నా వెనక వరసలో కూర్చుంటుంది, నాకంటే గట్టిగా పాడుతుంది.

అసలు సంగతికి వస్తాను. 1921లో మా ఊరి కలప మిల్లు దగ్గర కూలి పెంచమన్న నల్ల కూలీలని తుపాకులతో కాల్చి నదిలో పడేశారు. వంద సంవత్సరాలు ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు కౌంటీ ప్రభుత్వం వాళ్లు ఒక శిలాఫలకం పెడతామన్నారు. దాని మీద ఆరు పేర్లు. ఆరు మాత్రమే ఎందుకంటే, అప్పటి పేపర్లో ఆరే పడ్డాయి. మా మామ్మ వినీ మాత్రం చచ్చిపోయే దాకా ఏడంది. ఏడోవాడు ఆవిడ తమ్ముడు, హోసియా గ్రేడీ. పందొమ్మిదేళ్లవాడు.

"కాగితం చూపించండి, పేరు చెక్కిస్తాం," అన్నారు ఆ ఫలకం కమిటీలో. మర్యాదగానే అన్నారు. మర్యాదగా కాదనడం మా ఊళ్లో పాత విద్య. శుక్రవారం తొమ్మిదింటికి రాళ్లు చెక్కేవాడు వస్తాడు. నాకున్నది ఆ గురువారం సాయంత్రం అయిదు దాకా.

నేలమాళిగలో ఉన్నది పాత నల్లవాళ్ల శాఖ సామాను. మమ్మల్ని ఈ పెద్ద భవనంలోకి రానివ్వని రోజుల్లో, మందుల షాపు మీద ఒకే ఒక గదిలో మాకో లైబ్రరీ ఉండేది. దాన్ని ముప్పై ఏళ్లు నడిపింది మిస్ థియోడోషియా మిమ్స్. గాజు పెంకులాంటి గొంతు. నాకు ఆరేళ్లప్పుడు పుస్తకం మీద జామ్ పెట్టానని, నా చేత ఆ పేజీని మూడుసార్లు చదివించింది. ఆ జామ్ బ్లాక్‌బెర్రీది. పేజీలో ఏముందో గుర్తులేదు.

ఆవిడ దగ్గరికి నెలకోసారి కౌంటీ నుంచి ఒక తెల్ల తనిఖీ ఆయన వచ్చేవాడట. పేరు క్రల్. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో పిండి జిగురు డబ్బా. నల్లవాళ్లు చదవకూడదనుకున్నది పేపర్లోంచి కత్తిరించి తీసుకుపోయేవాడు. ఆ ఖాళీ మీద తెల్ల కాగితం అంటించేవాడు. కేటలాగు సొరుగుల్లోంచి కార్డులు కూడా పీకేవాడు. యాభై ఏళ్ల క్రితమే చచ్చాడు, కడుపునొప్పితో.

"పట్టాలెక్కిన రైలులా ఎప్పుడూ అవే సొరుగులు తెరుస్తారు మీరు," అంది అర్డీలియా, దీపం వేసి. "చరిత్ర, చట్టం, కూలీలు, అల్లర్లు. నలభై ఏళ్లుగా."

"మరి దేనికింద వెతకాలి సిస్టర్? కేకులకిందా?"

"ఏమో. కాలేజీ మగాళ్లకి ఆడవాళ్ల సొరుగులంటే చిన్నతనం కదా! వంట, కుట్టు, ఉతుకు... ఒక్కసారైనా లాగారా?"

"మా మామ్మ ఊరందరి బట్టలూ ఉతికి మా నాన్నని చదివించింది. ఆ ఉతుకు గురించి చదవడానికి కాదు నేను చదువుకున్నది."

అర్డీలియా నన్ను ఒక చూపు చూసింది. మా చర్చిలో ఆ చూపు పడితే పాస్టర్ కూడా ప్రసంగం ముగిస్తాడు. "అయిదుకి తలుపు వేస్తా," అని పైకి వెళ్లిపోయింది.

కింద పాత గోనె, తడి సిమెంటు వాసన. నేను చరిత్ర సొరుగు లాగాను. కార్డులు ఒక్కొక్కటే తిప్పాను. ఖాళీ, ఖాళీ, పక్షుల వలస గురించి ఒకటి... దాన్నక్కడ ఎవరు పెట్టారో.

మూడున్నరకి ఉరిమింది. మా వైపు ఆగస్టు వానలు తలుపు తట్టి రావు. దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. చేతి టార్చి వేశాను.

అప్పుడు వినబడింది.

కచ్.

ఎలుక అనుకున్నాను. ఎలుకైతే బాగుణ్ణు.

కచ్... కచ్...

నెమ్మదిగా, తీరుబడిగా. పని నచ్చినవాడి చేతి చప్పుడు. దాంతోపాటు ఒక వాసన... పుల్లబడ్డ పిండి జిగురు. దాని కింద ఖరీదైన క్షవరం సెంటు.

టార్చి చరిత్ర సొరుగు మీదికి తిప్పాను. ఇందాక నేను చూసిన పక్షుల కార్డు మధ్యలో ఒక నలుచదరపు కన్నం. అంచులు తాకాను. వెచ్చగా ఉన్నాయి.

నోటు పుస్తకం చూశాను. పొద్దున ఇంట్లో కూర్చుని మొదటి పేజీలో రాసుకున్నాను, "హోసియా గ్రేడీ" అని. ఆ రెండు మాటలున్న చోట కన్నం. కింది పేజీ కనిపిస్తోంది అందులోంచి. మళ్లీ రాశాను. రాసిన మాట పైకి లేచి, తునకై, నా బూటు మీద పడింది.

కచ్.

"అది ఇక్కడ లేదు," అంది ఒక గొంతు. చెవి పక్కన. ఊపిరి లేదు ఆ మాటలో.

టార్చి అటు తిప్పాను. ఎవరూ లేరు.

"పైకి పోరా కుర్రాడా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా తండ్రిని అరవై ఏళ్లొచ్చినా "ఒరేయ్ కుర్రాడా" అన్నారు ఈ ఊరి తెల్లవాళ్లు. పెట్రోలు బంకులో, బ్యాంకులో, ఆస్పత్రిలో మంచం మీద కూడా. ఆయన "అయ్యా" అని జవాబు చెప్పేవాడు, ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నాకు భయం వేసింది, అబద్ధం చెప్పను. ప్యాంటు తడిసే భయం. కానీ ఆ మాట వినగానే భయం పక్కకి జరిగి, కూర్చోవడానికి వేరేదానికి చోటిచ్చింది.

"నాకు డెబ్బై ఎనిమిది," అన్నాను. "నన్ను మిస్టర్ పెటిగ్రూ అంటారు. మీరు బతికుండగా నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకోండి."

కత్తెర ఆగింది.

టార్చి వెలుగు అంచులో ఒక చొక్కా చేయి. గంజి పెట్టిన తెల్లటి మణికట్టు పట్టీ. దాని పైన భుజం లేదు, మొహం లేదు. వేళ్లు మాత్రం ఉన్నాయి, కత్తెర కన్నాల్లో దూరి. అది నెమ్మదిగా నా జేబు వైపు వచ్చింది. జేబులో పర్సు, పర్సులో మా మామ్మ ఫోటో.

ఆ తెల్లటి గంజి పట్టీ చూస్తూనే నాకు తట్టింది. ఈ క్రల్ బట్టలు ఎవరు ఉతికారు? ఆ రోజుల్లో తెల్లవాళ్ల మురికంతా మా ఆడవాళ్ల తొట్లలోనే. తన చొక్కా ఎక్కడికి పోయి ఎలా తిరిగొస్తుందో జీవితంలో ఒక్కసారి కూడా ఆలోచించి ఉండడు. ఆ సొరుగు తెరవడమా? ఎన్నటికీ తెరవడు. మిస్ మిమ్స్‌కి ఇది తెలుసు. నాకు మాత్రం నలభై ఏళ్లు తెలియలేదు. ఆయనా నేనూ ఒకే సొరుగుని చిన్నచూపు చూశాం. సిగ్గుతో నా చెవులు కాలాయి.

వెనక్కి జరిగి, చివరి వరసలో "ఉతుకు" అని రాసున్న సొరుగు లాగాను. అది నిండా కార్డులే! ఒక్కదానికీ కన్నం లేదు. సబ్బు కాచడం, నీలిమందు, గంజి... ఆ తరవాత మిస్ మిమ్స్ నిటారు చేతిరాత: "మిల్లు చొక్కాలు, 1921. పెట్టె 9."

తొమ్మిదో పెట్టె అల్మరా అడుగున ఉంది. మోకాళ్ల మీద కూలబడ్డాను. వెనక కత్తెర పిచ్చిగా ఆడుతోంది, కచ్ కచ్ కచ్, నా చొక్కా వెనక గాలిని కోస్తూ. మెడ మీద ఇనుము చల్లగా తగిలింది. పెట్టె మూత లేపాను.

ఒక అట్ట. దాని మీద వరసగా గుండుసూదులతో గుచ్చిన కాలర్ పట్టీలు. ఒక్కోదాని మీద రంగు దారంతో చిన్న గుర్తు. మిల్లు కూలీల బట్టలు కలిసిపోకుండా ఉతికే ఆడవాళ్లు కుట్టే గుర్తులు అవి. నదిలోంచి తేలిన మొహాలు తల్లులు కూడా పోల్చలేకపోయారట. ఈ ఆడవాళ్లు కాలర్లు తిప్పి చూసి పోల్చారు. పాతిపెట్టే ముందు కత్తిరించి దాచారు. ఒక్కో పట్టీ కింద పేరు, పోల్చినావిడ సంతకం. ఏడో పట్టీ మీద ఎర్ర దారంతో చేప. "హోసియా గ్రేడీ. నా తమ్ముడు. నేనే కుట్టాను. వినీ గ్రేడీ."

కత్తెర మొన నా కళ్లకెదురుగా దిగింది, ఆ చేప వైపు.

అట్టని గుండెకి హత్తుకున్నాను. "కాగితం కోస్తావు. గొంతు కొయ్యి చూద్దాం," అని, క్లాసులో హాజరు పిలిచే గొంతుతో అరిచాను: "ఎల్బర్ట్ టూల్!"

మెట్ల పైనుంచి, మూసిన తలుపు అవతల నుంచి అర్డీలియా గొంతు. ఏం జరుగుతోందో ఆవిడకి తెలియదు. కానీ పాస్టర్ ఒక మాట అంటే జనమంతా బదులు పలికే మా చర్చిలో పెరిగిన మనిషి, ఎవరైనా పిలిస్తే జవాబివ్వకుండా ఉండలేదు.

"ఉన్నాడు!"

"సైరస్ మాబ్రీ!"

"ఉన్నాడు!"

ఒక్కో పేరుకీ ఆ తెల్ల మణికట్టు వెనక్కి జరిగింది. నాలుగో పేరుకి గంజి విరిగి పట్టీ వేలాడింది. ఆరో పేరుకి జిగురు వాసన పలచబడింది.

"హోసియా గ్రేడీ!"

"ఉన్నాడు!" అర్డీలియా తలుపుని భుజంతో గుద్ది తెరిచింది. కత్తెర నేల మీద పడ్డ చప్పుడు. వెతికితే నేల మీద ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దంలో... అల్మరాల వెనకనుంచి, నీళ్లు నిండిన గొంతుతో, ఇంకొకరు అన్నారు.

"...ఉన్నాను."

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"మీరు ఎనిమిది పిలిచారా?" అంది అర్డీలియా, గుసగుసగా.

"ఏడు."

"నేనూ ఏడే అన్నాను, బ్రదర్."

మర్నాడు తొమ్మిదింటికి ఆ అట్టని కమిటీ బల్ల మీద పెట్టాను. ఈసారి మర్యాదగా కాదనడానికి వాళ్లకి దారి దొరకలేదు. హోసియా పేరు ఇప్పుడు రాతి మీద ఉంది, ఏడోది, వేలు పెడితే దిగేంత లోతుగా. ఆ అట్ట నకళ్లు ఊళ్లో పదకొండు చర్చిల్లోనూ, నా ముగ్గురు మనవల దగ్గరా ఉన్నాయి. కత్తెర ఉన్నవాళ్లు రావచ్చు. తాపీగా రావచ్చు.

పోయిన వారం సోమవారం అర్డీలియా ఫోన్ చేసింది. "మీరోసారి రావాలి," అంది. ప్రొఫెసరు గారూ అనలేదు.

లైబ్రరీలో తాళం వేసిన గాజు పెట్టెలో, ఆ అట్ట మీద, హోసియా పక్కన ఎనిమిదో పట్టీ గుచ్చి ఉంది. నీలం దారంతో ఒక తాళంచెవి గుర్తు. ఊళ్లో ఉన్న ముసలమ్మలందరినీ తీసుకొచ్చి చూపించాం. ఆ గుర్తు ఎవరూ ఎరగరు. కింద పేరు లేదు, సంతకం లేదు. నేను మళ్లీ వెతకడం మొదలుపెట్టాను, ఈసారి ఆడవాళ్ల సొరుగుల నుంచి.

పట్టీ తడిగా ఉంది. అర్డీలియా ఫ్యాన్ పెట్టి చూసింది, ఎండలో పెట్టి చూసింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. అంచు నుంచి నది నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.