లీడోకు వెళ్లిన శవపేటిక

"మీ మిరియాలు ఏ ఊరివి?"

"తడి తగలనివి."

కోడ్ సరిపోయింది. వయొలాంతె మేలిముసుగు ఎత్తింది. మెడనిండా ముత్యాలు. వెనిస్ మతవిచారణాధికారుల విందుల్లో ఆమె లేని బల్ల ఉండదు. అక్కడ విన్నదంతా యూదుల వాడకు చేరవేస్తుందని వాళ్లకు తెలియదు, పాపం.

"శనివారం చౌకులో మీ పుస్తకాలు తగలబెడతారు. ప్రెస్సులోని హీబ్రూ మూసలు కరిగించి ఫిరంగులు పోస్తారట."

ఏజెంట్ నిసీమ్ నిట్టూర్చాడు. మిరియాల వర్తకుడి వేషంలో తురుష్కుల ఏలుబడిలోని సలోనికా నుంచి వచ్చింది ఆ రాగి మూసల కోసమే. పుస్తకం కాలితే మళ్లీ అచ్చు వేయొచ్చు. అక్షరాలు పోసే మూసలే పోతే వేసేదేముంది?

"ప్లాన్ నా దగ్గరుంది," అన్నాడు మూల కూర్చున్న కాలోనిమో. ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ముసలి పండితుడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. లేఖనం మధ్యలో, వ్యాఖ్యానం చుట్టూ పేర్చడమే ఆయన సంసారం. "మూసలు నేను దాటిస్తా. చిరిగిన పవిత్ర పుటల్ని మనం కాల్చం, శవంతో పూడుస్తాం కదా? శవంగా నేనే పడుకుంటా. కింద మూసలు, మీద పుటలు. లీడో దీవిలో మన శ్మశానం పక్కనే నీ ఓడ."

"జ్వరంతో ఉన్నారు, గురువుగారూ!"

"మంచిదేగా. మొహానికి రంగు పూసే పని తప్పింది."

మర్నాడు పొగమంచులో పడవ కదిలింది. కాలవ మలుపులో కాపలా పడవ అడ్డొచ్చింది. అందులో అధికారి, షికారుకొచ్చినట్టు వయొలాంతె, ఇంకా బాల్దస్సారె. ఒకప్పుడు కాలోనిమో శిష్యుడే, మతం మారి వేగు చెప్పే పనిలో చేరాడు. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?

పెట్టెలో కాలోనిమో శవమని నిసీమ్ చెప్పగానే బాల్దస్సారె అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"అయ్యా, మొన్న పండక్కి చేతులు చాపి దీవించింది వీడే. ఆ ముసలాయనలాగే పురోహిత వంశం. వాళ్లు శవం దరిదాపులకు రారు. వీడేమో పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు. లోపలున్నది శవం కాదు!"

ఉన్నది బతికున్న మనిషే కదా అని నిసీమ్ ఆచారం మరిచిపోయాడు. ఎంత తెలివితక్కువ పని! కన్నవాళ్లు పోతే మాత్రం మినహాయింపు ఉంది. తండ్రి పోయిన కొడుకులా చొక్కా మెడ పట్టుకుని గుండెదాకా చింపాడు.

"మా నాన్నరా! నాన్నని కూడా సాగనంపకూడదా?"

"పెళ్లే కానివాడికి కొడుకెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

వయొలాంతె కిలకిలా నవ్వింది. "పెళ్లి కాకపోతే పిల్లలు పుట్టరా బాల్దస్సారె? సలోనికాలో ఈ పోయినాయన భాగోతం నన్నడుగు, చెప్తా!"

అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడు. అయినా మూత తెరిపించి, బల్లెం మొనతో అరికాల్లో గుచ్చాడు. కాలు కదల్లేదు.

"శవమే. పోనివ్వండి."

లీడోలో నిసీమ్ మూత తీశాడు. "లేవండి గురువుగారూ, గట్టెక్కాం."

ఆయన లేవలేదు. చెయ్యి చల్లగా ఉంది. జ్వరమూ చలీ కలిసి దారిలోనే తీసుకుపోయాయి. నాన్న అన్న పిలుపు విని పోయాడో, వినకుండానే పోయాడో.

నిజానికి నిసీమ్ ఇప్పుడు దూరం జరగాలి, కొడుకు కాడు కనుక. జరగలేదు. పార అందుకుని ఏడుస్తూ తనే గొయ్యి తవ్వాడు.

సాయంత్రం వయొలాంతె వచ్చింది. "మచ్చ లేకుండా బతికినవాడు. నోరారా నింద వేశాను," అంటూ కళ్లు తుడుచుకుంది.

"కడసారి ప్రార్థన చెప్పే కొడుకునిచ్చారు లెండి."

శనివారం వెనిస్‌లో పుస్తకాలు కాలాయి. మూసలు మిరియాల బస్తాలో సలోనికా చేరాయి. వాటితో పోసిన అక్షరాలతో తొలి పుట అచ్చయింది. నిండా తప్పులే. దిద్దేవాడు లీడోలో పడుకున్నాడు మరి.