వావిలి దడి

తెల్లవారింది గాని ఎండ ఇంకా ఇంట్లోకి రాలేదు. మురళీమోహన్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, తెగిన పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతున్నాడు. మొన్న అతను ఆత్మకూరు పోయి వచ్చేసరికి పడుగు సగం దాకా తెగి వేలాడుతోంది. ఎలుకలు కొరికాయని తల్లి సుగుణమ్మ చెప్పింది.

"గీ ఎలుక కత్తెర పట్టుకొని వచ్చినట్టుందమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఒక్క తీరుగ కోసిపోయింది."

పొయ్యి దగ్గర సుగుణమ్మ చేతిలోని గరిటె జారి కింద పడింది.

"అత్తమ్మ రాత్రంత పండుకోలే. కండ్లు చూడు, ఎట్ల ఉబ్బినయో," అంది భార్య నవనీత, చాయ్ గ్లాసు అందిస్తూ. "జరంత దవాఖానకు తీస్కపోరాదు?"

"మొక్కలకు నీళ్లు పోసొచ్చి తీస్కపోత."

బిందె తీసుకుని వెనక తలుపు తీశాడు. వెనక పెరడు లేదు, కృష్ణ ఉంది. రెండేళ్ల కిందటి వరదలో ఒడ్డు విరిగి పెరడంతా ఏట్లో కలిసింది. పెరట్లో ఉన్న తండ్రి గండయ్య సమాధి కూడా పోయింది. ఒక్కొక్క రాయి ఊడి ఎర్రనీళ్లలో పడుతుంటే, చివరికి తండ్రి ఎముకలు కూడా పడుతుంటే, మురళి గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు గోడకూ ఒడ్డుకూ మధ్య రెండు మంచాలు వేసే జాగా మిగిలింది. మళ్లీ విరిగితే ఇల్లూ మగ్గమూ పోతాయి.

అందుకే ఒడ్డు పొడుగునా వావిలి కొమ్మలు పాతి, వాటి మధ్య అడ్డంగా మండలు అల్లి దడి కట్టాడు. మొదటిసారి నేతగాడి బుద్ధి పోనిచ్చుకోలేదు. చీర నేసినట్టు సందు లేకుండా బిగించాడు. కొత్త నీళ్లు రాగానే దాన్ని గోడను కూల్చినట్టు కూల్చేశాయి. రెండోసారి వదులుగా అల్లి, కూడళ్లన్నీ మగ్గం మీద మిగిలిన నూలుతో కట్టాడు. నీళ్లు సందుల్లోంచి పోయాయి, మట్టి ఆగింది. పాతిన కొమ్మలు వేళ్లు పట్టి చిగురించాయి. వాటి వెనక కానుగ మొక్కలు పెట్టాడు.

ఆ దడి నడుమ ఇప్పుడు పెద్ద ఖాళీ కనిపించింది.

సరిగ్గా ఒక ట్రాక్టర్ పట్టేంత ఖాళీ. పీకిన కొమ్మలు ఒక పక్కన కుప్పగా పేర్చి ఉన్నాయి. కానుగ మొక్కలు వేళ్లతో సహా పడున్నాయి. నూలు మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కూడా లేదు.

మురళి నూలు సంగతి ఆలోచించలేదు. ట్రాక్టర్ సంగతే ఆలోచించాడు. ఆ ఒడ్డు మీదుగా ఏట్లోకి ఇసుక ట్రాక్టర్లకు దారి కావాలని రెండు నెలలుగా తిరుగుతున్నవాడు ఇసుక మల్లప్ప. మల్లప్ప ట్రాక్టర్ నడిపేవాడు తన సొంత తమ్ముడు శ్రవణ్‌కుమార్.

బిందె అక్కడే పడేసి, గోడకు ఆనించి ఉన్న పార తీసుకున్నాడు.

శ్రవణ్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. అన్న రావడం చూసి పక్కకు జరిగాడు. "కూసో అన్నా. వదిన కారం ఎక్కువేసింది, మాటికి నీళ్లు..."

పార కామ అతని మోచేతి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇంట్లో అందరికీ వినిపించింది.

"నాయిన బొక్కలు ఏట్ల పడంగ చూసినవు కదరా! ఇంక మమ్మల్ని గూడ పారేస్తవా? ఎంతకు అమ్ముకున్నవ్ దడిని?"

"ఏం దడి? నేనేం చేసిన?" శ్రవణ్ అరుగు మీద నుంచి దొర్లి చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగాడు. "అమ్మతోడు, నేను ఒడ్డు దిక్కే పోలే అన్నా!"

"అమ్మ మీద ఒట్టు పెట్టకు!" మురళి మళ్లీ పార ఎత్తాడు. నవనీత వెనక నుంచి నడుము పట్టుకుని లాగింది. ఆమె నుదురు తలుపుకు కొట్టుకుని రక్తం కారింది. అయినా వదల్లేదు.

"వాడు కాదురా... వాడు కాదు," అంటూ సుగుణమ్మ మధ్యలోకి వచ్చింది.

"నువ్వు మాట్లాడకు! సిన్నప్పటి సంది వాన్ని ఎనకేసుకొచ్చుడే నీ పని!"

అంతలో ఇంటి వెనక పెద్ద రొద వినిపించింది. గోడ అదిరింది. దడికి గండి పడిందో లేదో, మల్లప్ప జేసీబీ తెచ్చేశాడు. మురళి పార వదిలేసి చూరులోంచి గొడ్డలి లాగాడు.

ఒడ్డు మీద మల్లప్ప తెల్ల చొక్కాతో నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. పక్కన ఇద్దరు మనుషులు కర్రలతో ఉన్నారు. ఎగువన గేట్లు ఎత్తడంతో నిన్నటి నుంచి ఏరు పెరుగుతోంది. నీళ్లు ఒడ్డు అడుగున సుడి తిరుగుతున్నాయి.

"ఆపుర్రి! ఇంకొక్క చెట్టు మీద చెయ్యేస్తే నరుకుత!"

"నరుకు. ముందు మీ ఇంట్ల నరుకు," మల్లప్ప నవ్వాడు.

మొదటి కర్ర మురళి మోకాలి మీద, రెండోది వీపు మీద పడ్డాయి. గొడ్డలి ఎగిరిపోయింది. అతను బోర్లా పడగానే మల్లప్ప చెప్పుకాలితో మెడ తొక్కాడు. ముక్కులోకి మట్టి పోయింది. జేసీబీ తొట్టి కిందికి దిగి వావిలి చెట్లను వేళ్లతో పెకలించింది.

"అన్న మీద చెయ్యేస్తవారా!"

శ్రవణ్ వచ్చాడు. ఎడమచెయ్యి వేలాడుతోంది, కుడిచేతిలో రాయి ఉంది. రాయి మల్లప్ప చెవి పక్కన తగిలింది. మల్లప్ప తూలి, నిలదొక్కుకుని, విరిగిన చేతి మీదే గుద్దాడు. శ్రవణ్ అరుపుకు జేసీబీ డ్రైవర్ కూడా తల తిప్పి చూశాడు.

"దడి పీకింది వీడనుకొని కొట్టినవా మురళీ?" మల్లప్ప చెవి తుడుచుకుంటూ అడిగాడు. "పిచ్చోడా! మీ అమ్మనడుగు."

సుగుణమ్మ వెనక తలుపులో నిలబడి ఉంది. రెండు చేతులతో కొంగు ముడిని పట్టుకుంది. ఆ ముడి విప్పి, లోపలున్నది బయటికి తీసింది. కోడిగుడ్డంత నూలు ఉండ అది.

మురళికి అప్పుడు తెలిసింది. మల్లప్ప మనుషులైతే కొడవలితో కోసేవాళ్లు. బడి మానగానే మగ్గం వదిలేసిన తమ్ముడైతే తెంపి పారేసేవాడు. ప్రతి ముడినీ గోరుతో విప్పి, ఒక్క పోగు పోకుండా చుట్టిపెట్టే చేతులు ఆ ఇంట్లో తనవి కాక అమ్మవే.

"మొన్న ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు వీడొచ్చిండు కొడుకా," సుగుణమ్మ ఏడుస్తూ చెప్పింది. "కత్తితోటి పడుగు కోసిండు. దడి తీయకపోతే గిట్లనే నీ పెద్దకొడుకు నరాలు కోస్తనన్నడు. టాక్టరు కింద ఏసి తొక్కిస్త, ఆ టాక్టరు నీ చిన్నకొడుకుతోనే నడిపిస్తనన్నడు. చెట్లయితే మల్ల పెడ్తం, నిన్నెట్ల తెచ్చుకోను? కోడి కూయకముందే పోయి పీకిన. నూలు పారేయ చెయ్యి రాలే."

"అయింది కదా కథ," మల్లప్ప డ్రైవర్ వైపు చెయ్యి ఊపాడు. "ముందుకు పోనియ్యిరా!"

జేసీబీ గండిలోకి కదిలింది. వేళ్లు లేని మట్టి ఆ బరువు ఆపలేకపోయింది. ముందు ఒక నెర్రె కనిపించింది. తర్వాత ఒడ్డు చప్పున కుంగింది. డ్రైవర్ పక్కకు దూకాడు. జేసీబీ తలకిందులై నీళ్లలో పడింది. కర్రలు పట్టుకున్న ఇద్దరూ వెనక్కి చూడకుండా పరుగెత్తారు. మల్లప్ప కాళ్ల కింది మట్టి కూడా జారిపోయింది. అతను పడుతూ పడుతూ, గండి పక్కన ఇంకా మిగిలి ఉన్న వావిలి మొదలును పట్టుకున్నాడు. నడుము దాకా సుడిలో ఉన్నాడు. తెల్ల చొక్కా ఎర్రనీళ్లలో కొట్టుకుంటోంది.

"మురళీ! నీ కాళ్లు మొక్కుత!"

మురళి కుంటుతూ లేచి గొడ్డలి అందుకున్నాడు. ఒక్క వేటు వేస్తే చాలు. మనిషిని కూడా నరకనక్కర్లేదు, ఆ మొదలును నరికితే చాలు.

గొడ్డలి ఎత్తాడు. పక్కన తమ్ముడు మట్టిలో పడి మూలుగుతున్నాడు. ఆ మూలుగు తన చేతిపనే. పొద్దున కూడా ఇంతే ఖాయంగా ఈ చెయ్యి లేచింది.

గొడ్డలి తిప్పి పట్టుకుని, కామ కిందికి చాచాడు. "పట్టుకో. నాయిన కలిసిన నీళ్లల్ల నువ్వు చావొద్దు."

పైకి లాగిన మల్లప్పను అప్పటికే గుమిగూడిన ఊరివాళ్లు పోలీసులు వచ్చేదాకా కరెంటు స్తంభానికి కట్టేశారు.

దవాఖానలో శ్రవణ్ చేతికి సిమెంటు కట్టు వేశారు. నవనీత నుదుటికి కుట్లు పడ్డాయి. మురళి తమ్ముడి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తర్వాత తమ్ముడి మంచి చేతిని తీసి తన చెంపకు ఆనించుకున్నాడు.

"కొట్టురా. గట్టిగ కొట్టు."

"గీ చెయ్యి రొట్టె తినేటందుకు కావాలె," అన్నాడు శ్రవణ్. "పొద్దుగాల సగంల గుంజుకున్నవు గద."

మురళి నవ్వబోయి భోరున ఏడ్చాడు. తల తమ్ముడి ఒడిలో పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మల్లప్ప దగ్గర పని చేసుడు నా తప్పే అన్నా," అన్నాడు శ్రవణ్, అన్న తల నిమురుతూ. "గా దారి ఎందుకడుగుతుండో నాకెర్కే. మన ఇల్లయితే ముట్టడులే అనుకున్న."

సుగుణమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు. మురళి లేచి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "మాట్లాడకు అన్ననే అమ్మా నిన్ను. ఒక్క మాట చెప్పనిస్తే వాని చెయ్యి మంచిగుండేది."

ఆమె కొంగు ముడిలోంచి నూలు ఉండ తీసి అతని చేతిలో పెట్టింది.

ఏరు తగ్గాక నలుగురూ ఒడ్డు మీదికి పోయారు. నవనీత కొత్త వావిలి కొమ్మలు కోసుకొచ్చింది. శ్రవణ్ ఒంటిచేత్తో కొమ్మ కదలకుండా పట్టుకున్నాడు, మురళి అడ్డమండ అల్లాడు, సుగుణమ్మ అదే నూలుతో ముడి వేసింది.

"జర వదులుగ అల్లు అన్నా," అన్నాడు శ్రవణ్. "నీళ్లను పోనియ్యి."

మురళి తలూపి, బిగించిన మండను కొంచెం సడలించాడు.