సందు గేటు తాళం

పాలు పొంగి పొయ్యి మీదికి కారుతున్నా ఆవిడ చూడలేదు. కళ్ళు వంటగది కిటికీ మీదే ఉన్నాయి. పక్క సందులోంచి ఎవరో ఇద్దరు నవ్వుకుంటూ మెట్ట వైపు నడిచిపోయారు. వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆవిడ కిటికీ గడియ పట్టుకునే ఉంది.

కూతురు వచ్చి పొయ్యి కట్టేసింది. "నడవడానికొచ్చినవాళ్ళేనమ్మా. నిన్ననేగా దారి తెరిచాం."

మూడేళ్ళుగా కూతురి ఉద్యోగం అదే. ఇంటి వెనకున్న చిన్న గుట్ట, బోడిమెట్ట మీద అడవి పెంచడం. ఇప్పటికి పద్దెనిమిది వేల మొక్కలు నాటించింది. గాలిలోని పొగను చెట్లు పీల్చుకోవాలని, ఎటో పోయిన పిట్టలూ తూనీగలూ మళ్ళీ రావాలని, నలుగురూ నీడన నడవాలని ఆమె ఆశ. అయితే మెట్టెక్కడానికి ఉన్న దారి ఒక్కటే. అది వీళ్ళ ఇంటి పక్క సందు, దాని మొదట్లో ఒక గేటు.

నాలుగేళ్ళ కిందట పట్టపగలు ఇంట్లో దొంగలు పడితే, ఆవిడ స్నానాలగదిలో గడియ పెట్టుకుని, నోరు నొక్కుకుని రెండు గంటలు కూర్చుంది. ఆ భయం ఇప్పటికీ ఒంట్లోంచి దిగలేదు.

"ఆ గేటుకి తాళం వెయ్యవే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కిటికీ పక్క నుంచి పోతుంటే నాకు ముద్ద దిగట్లేదు."

"అది మన గేటు కాదమ్మా, అందరిదీ."

"మరి నేనెవరిని? మొక్కల మీదున్న బెంగ నా మీద లేదు నీకు!"

"మొక్కలే నయం. పొద్దున్నే లేచి ఇలా సాధించవు!" విసురుగా టోపీ పెట్టుకుని మెట్ట మీదికి వెళ్ళిపోయింది కూతురు.

ఆ మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. బీరువా మీది పాత తాళంకప్ప దులిపి, గేటుకి తానే వేసి వచ్చింది.

గంట తిరక్కుండా వీధి తలుపు దబదబా మోగింది.

"అమ్మా! తలుపు తియ్యండి!"

కిటికీ సందులోంచి చూసింది. ఆరడుగుల మనిషి. చొక్కా చిరిగి ఉంది, చేతులనిండా మట్టి. ఆవిడ కాళ్ళు వాటంతటవే స్నానాలగది వైపు నడిచాయి.

"మీ అమ్మాయిని కందిరీగలు కుట్టాయమ్మా! ఊపిరాడట్లేదు! అంబులెన్స్ గేటు బయటే ఆగిపోయింది. నేను మెట్ట మీద నడవడానికొచ్చినవాణ్ణి, గేటు దూకి వచ్చాను. తాళంచెవి మీ దగ్గరుందా?"

దొంగ మాటలేమో! నిజమైతే? వెనక్కి తిరిగి వచ్చి గడియ పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని లాగేసింది.

గేటు దగ్గర ఎన్ని తిప్పలు పడ్డా తాళంచెవి కన్నంలో దూరలేదు. చివరికి ఆ కొత్తమనిషి చేతిలోనే పెట్టేసింది.

సాయంత్రం ఆసుపత్రిలో, వాచిపోయిన మొహంతో కూతురు కళ్ళు తెరిచింది. ఆవిడ మంచం పక్కన కూలబడింది.

"తాళం వేసింది నేనే తల్లీ. చేతులారా నిన్ను..."

"తెలుసు. గేటుకి తాళముందని అతను అరిచినప్పుడే అర్థమైంది."

"తిట్టవే. నోరారా తిట్టు."

కూతురు తల అడ్డంగా ఊపింది. "అక్కడ పడి ఉన్నప్పుడు ఒకటే భయమేసిందమ్మా. అతను వెళ్ళి పిలిచినా నువ్వు తలుపు తియ్యలేవేమోనని. నీ భయం ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున నేనలా అని ఉండకూడదు."

ఆవిడ కూతురి అరచెయ్యి చెంపకి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తీశానే," అంది ఏడుపులోనే. "తీశాను తల్లీ."