తరుగు లేని సరుకు

చంద్రుడి మీద గంధం పేర్రాజు చేతిలో మొదట ఉన్నవి నాలుగు: గాలి జల్లెడలు అమ్మే కొట్టు, దాని వెనక ఖాళీ గోదాము, నవ్వడం మానేసిన భార్య, కూతురు విడవకుండా వదిలి వెళ్లిన ఒక కచ్చి. మొదటి మూడింటినీ అతను ఏదో ఒక లెక్కలో వేసుకోగలడు. నాలుగోదాన్ని మాత్రం ఎప్పుడూ తూకానికి పెట్టలేదు.

కాకినాడ తీరాన్ని సముద్రం మింగేశాక గనుల పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు శశిపురం. ఊరంటే గాజు గుమ్మటాల వరస. ఆ గుమ్మటాల కింద గాలిని యంత్రాలు వడపోస్తాయి, నీళ్లు కొలిచి ఇస్తారు. మనుషులు ఎగిరిపోకుండా సీసం అడుగుల బూట్లు వేసుకుని నడుస్తారు. అక్కడ పుట్టిన పిల్లలకి సముద్రం అంటే కథల్లో ఉండేది మాత్రమే.

పేర్రాజు కూతురు సుగాత్రి దగ్గర అలాంటి కథల పుస్తకం ఒకటి ఉండేది. భూమి నుంచి వచ్చిన కాగితం పుస్తకం, పేరు ‘పోయిన వస్తువుల రాజ్యం’. గుడ్డబొమ్మ పారేసుకున్న ఒక పిల్ల, దీపం చేప వెంట సముద్రం అడుక్కి వెళ్తుంది. లోకంలో పోయినవన్నీ అక్కడ ఒక పీత రాజు దగ్గర ఉంటాయి. రోజూ అన్నాలయ్యాక పేర్రాజు అది చదివి వినిపించేవాడు. కొట్లో పని ఉండేది కాబట్టి మధ్యలో కొన్ని పేజీలు కలిపి తిప్పేసేవాడు. అతుకు కనిపించకుండా తిప్పడం అతనికి తెలుసు.

పిల్లకి చదవడం వచ్చిన ఏడాది దొరికిపోయాడు.

"నాన్నా, పేజీలు మింగేశావు! ఇన్నాళ్లూ మింగుతూనే ఉన్నావు!"

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ, కథ ముగిసిందా లేదా?"

"కచ్చి. నీతో మాట్లాడను." చిటికెన వేలు అతని ముక్కు మీదికి చాచింది. "మింగినవన్నీ కక్కితేనే జట్టు."

"రేపు కక్కుతాలేవే."

మర్నాడు బడి గుమ్మటం పగిలింది. లోపలి గాలి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పుస్తకం పిల్ల సంచీలోనే ఉంది. రెండూ కలిసే పోయాయి. ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒక పిల్లో పిల్లాడో ఆ గుమ్మటంలో ఉన్నారు.

ఆరేళ్ల తర్వాత డాక్టర్ హైమావతి భూమి నుంచి ఒక ప్రొజెక్టరూ పెట్టె నిండా తలపట్టీలూ తెచ్చి, పేర్రాజు గోదామును అద్దెకి అడిగింది. ఆ పాత కథనే సినిమాగా తీశారట. నమూనా చూసి పేర్రాజు కనుబొమ్మలు ముడిచాడు.

"అమ్మా, సముద్రం బాగుంది, పీత బాగుంది. పిల్లకి ముఖం లేదేమిటండీ?"

"ముఖం చూసేవాళ్లు తెచ్చుకుంటారు. ఇది స్మృతిచిత్రం. ఈ తలపట్టీలో న్యూరల్ స్కానర్ ఉంది. మీ జ్ఞాపకంలో అందరికంటే దగ్గరగా ఉన్న పిల్లని అది వెతికి పట్టుకుంటుంది. ఆ ముఖాన్నీ గొంతునీ కథలో పిల్లకి తొడుగుతుంది. పక్క కుర్చీలో మనిషికి వాళ్ల పిల్ల కనిపిస్తుంది."

"సరుకు కొనేవాడే తెచ్చుకుంటే మనం అమ్మేదేమిటి?"

"తిరిగి రావడం. కథ చివర పిల్ల ఇంటికొస్తుంది కదా."

మొదటి ఆటకి ఊరంతా వచ్చింది. జనం ఆత్రంలో పైకి లేచిపోతారని పేర్రాజు కుర్చీలకి బెల్టులు కట్టించాడు. తను పట్టీ పెట్టుకోకుండా యంత్రం దగ్గరే నిలబడ్డాడు. ఆట అయ్యాక అతని భార్య మాణిక్యం బయటికి వచ్చింది. ముఖమంతా తడి, పెదవుల మీద నవ్వు. ఆరేళ్లలో అదే మొదటి నవ్వు.

"వచ్చిందయ్యా," అంది. "నన్ను గట్టిగా పట్టుకుంది."

ఆ రోజు నుంచి గోదాము నిండని రోజు లేదు.

తేడా మొదట పేర్రాజుకే తెలిసింది. సరుకులో మార్పు కనిపెట్టడం అతని వృత్తి. ఒక రోజు అన్నం వడ్డిస్తూ మాణిక్యం అంది, "దాని జడ ఎంత నున్నగా ఉండేదో!"

"దానికి జడెక్కడిదే? తలంటుకి నీళ్లు చాలక నువ్వే క్రాఫు కొట్టించావు. రెండు రోజులు ఏడ్చి చచ్చింది."

"మన సుగాత్రా? అది ఎప్పుడేడ్చిందీ?" అతన్ని వింతగా చూసింది. "నువ్వు ఇంకెవరి పిల్లనో అనుకుంటున్నావు."

అతను కంచం పక్కకి నెట్టి లేచాడు. వెళ్లి హైమావతిని పట్టుకున్నాడు. ఆమె స్కానర్లు దాచిన మొదటి ఆటనాటి చిత్రాలనీ తాజా చిత్రాలనీ పక్కపక్కన పెట్టి చూసింది.

"జ్ఞాపకం పెట్టెలో దాచిన నగ కాదు, పేర్రాజుగారూ," అంది. "తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని బయటికి తీసి, మళ్లీ కొత్తగా రాసి లోపల పెడుతుంది. దీన్ని పునర్లేఖనం అంటాం. బయట ఉన్నప్పుడు దానికేది అంటుకుంటే అదీ లోపలికి పోతుంది. ఇక్కడ సినిమా అంటుకుంటోంది. నేనిది ముందే చూసుకోవాల్సింది."

"అంటే తీసి వాడిన ప్రతిసారీ తరుగు."

"తరుగే. పోయినచోట బొమ్మ చేరుతోంది."

మర్నాడు ఆటకి ముందు ఆమె ఈ సంగతి అందరికీ చెప్పేసింది. యంత్రం ఆపేస్తానంది. ముందు వరసలోంచి డ్రిల్లింగు పని చేసే నూకరాజు బెల్టు విప్పుకుని లేచాడు.

"మా వోడు నేను తాగొస్తే మంచం కిందికి దూరేవోడమ్మా. ఇక్కడేమో 'నానా' అని మీదికి దూకుతాడు. ఆ మంచం కిందోడ్ని నాకెందుకు మళ్లీ చూపిత్తానంటారు? నడపండి."

ఎవరో "నడపండి" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. వాళ్లలో మాణిక్యం గొంతు కూడా ఉంది.

ఇంటికి వెళ్తూ ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. "అసలుది నీ దగ్గర ఉందిగా, ఉంచుకో. నాకు ఇది చాలు."

హైమావతి తర్వాతి నౌకలోనే భూమికి బయలుదేరింది. యంత్రాన్ని ఊరివాళ్లు కదలనివ్వలేదు. పేర్రాజు ఆమె పెట్టెలు మోసుకుంటూ రేవు దాకా వెళ్లాడు. కచ్చి సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఆమెకి చెప్పాడు.

"మా అమ్మాయి కోపం నా దగ్గర చెక్కు చెదరకుండా ఉందమ్మా. అది నామీద పడ్డ కోపం, అచ్చంగా నాది. ఈ ఊళ్లో అసలు సరుకు ఇంక నా ఒక్కడి దగ్గరే ఉంది."

"అయితే ఆ పట్టీ ముట్టుకోకండి."

"ఒక్కసారి చూస్తే? ఆ మింగిన పేజీల్లో ఏముందో నాకిప్పటికీ తెలీదు."

"కొంచెం అరుగుతుంది."

పేర్రాజు మనసులో లెక్క వేసుకున్నాడు. కొంచెం తరుగు ఏ వ్యాపారానికైనా ఉంటుంది. ఒక్కసారికి తట్టుకోగలడు.

ఆ వారమే పట్టీ పెట్టుకుని కూర్చున్నాడు. నీలం నీటిలో సుగాత్రి నడిచి వచ్చింది. అదే క్రాఫు, అదే ముక్కు. కథ అతను మింగిన పేజీల దగ్గరికి చేరింది. పీత రాజు రెండు గుడ్డబొమ్మలు ముందు పెట్టాడు. ఒకటి చిరిగింది, ఒకటి కొత్తగా మెరుస్తోంది. "మెరిసేది తీసుకున్నవాళ్లు ఇక్కడే ఉండిపోతారు," అని హెచ్చరించాడు. పేర్రాజుకి ఆ మాటలు సరిగ్గా ఎక్కలేదు. అతని కళ్లు పిల్ల చేతివేళ్ల మీదే ఉన్నాయి. ఆమె చిరిగిన బొమ్మ అందుకుని అతని వైపు తిరిగింది. చిటికెన వేలు చాచింది.

కచ్చి ఇంకా ఉంది. అతనికి ఏడుపొచ్చింది. హాయిగా కూడా అనిపించింది.

అది అలాగే ఉందో లేదో చూసుకోవడానికి మర్నాడు వెళ్లాడు. ఉంది. ఆ తర్వాత రోజూ వెళ్లాడు. కొన్నాళ్లకి ఆ వేలు పూర్తిగా చాచినట్టు కాక కాస్త వంగి కనిపించింది. ఇంకొన్నాళ్లకి పిల్ల వేలు చాచి, ఏమీ అనకుండా నవ్వింది. ఒక రోజు రెండు వేళ్లు జోడించి చూపింది. జట్టు. పేర్రాజు చీకట్లో తన రెండు వేళ్లూ ముందుకు పెట్టాడు.

ఏడాదిన్నరకి హైమావతి తిరిగి వచ్చింది. పట్టీల్లో లోపం సరిదిద్దే మార్గం దొరికిందట. పోయిన చోటు ఏ కొంచెం గుర్తున్నా అక్కడి నుంచి పాతది మళ్లీ అల్లవచ్చునట. ముందు పేర్రాజు కొట్టుకే వచ్చింది. ఊళ్లో గుర్తున్న మనిషి అతనొక్కడే అని ఆమె ధైర్యం.

అతను నున్నగా గడ్డం గీసుకుని, ఒంటి మీద కండ పట్టి ఉన్నాడు. లోపల మాణిక్యం ఏదో కూనిరాగం తీస్తోంది.

"మీ అమ్మాయి కచ్చి అలాగే ఉందా, పేర్రాజుగారూ?"

"కచ్చా?" అతను పకపకా నవ్వాడు. "మా సుగాత్రి నాతో కచ్చి ఎందుకు కడుతుందండీ? పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించేవాణ్ని. ఒక్క పేజీ వదిలేవాణ్ని కాదు."

హైమావతికి అర్థమైంది. ఆ మనిషి దగ్గర ఇంక అల్లడానికి పోగు లేదు.

"ఏమీ... పోయినట్టు అనిపించడం లేదా మీకు?"

"పోవడమా? లెక్క చూసుకోండి." బొటనవేలు మడిచాడు. "కొట్టు బాగుంది." చూపుడు వేలు మడిచాడు. "గోదాము రోజూ నిండుతోంది." నడిమి వేలు. "మా ఆవిడ నవ్వుతోంది." ఉంగరపు వేలు. "పిల్ల రోజూ ఇంటికొస్తోంది."

చిటికెన వేలు మడవకుండా మిగిలిపోయింది. అతను దానివైపు చూశాడు. ఇంకొక పద్దు ఏదో ఉండాలి అన్నట్టు కొంతసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"అంతేనండీ," అని దాన్ని కూడా మడిచేశాడు. "అంతా లాభమే."