ఇనాయతుల్లా కార్డు

“డైరెక్టర్ కార్డు పెడితే కంప్యూటర్ ససేమిరా అంటోందట,” అన్నాడు బ్యూరో చీఫ్ బాలసుబ్బయ్య. “వెళ్లి రిపేరు చేసి రా.”

జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో ఫ్యాన్ కిర్రుమంటూ తిరుగుతోంది. ఏజెంట్ జనార్దనం నవ్వబోయి మానుకున్నాడు. ఉత్త రిపేరు పనికైతే తనను పిలిపించరు.

“పులివెందుల కొండల్లో అణు ఖనిజం ఎక్కడుందో చూపే మ్యాప్ ఆ మెషీన్‌లో ఉంది. మొదటి సగం ఎవరో కాజేశారు. రెండో సగం ఇవాళే ఎక్కించారు. రెండూ కలిస్తేనే ఉపయోగం. ఓ విదేశీ ముఠా మనిషి పత్తి వ్యాపారి వేషంలో ఈ ఊళ్లోనే కాచుకున్నాడు.”

“ఆఫీసులో మనవాళ్లు?”

“రుక్మిణి. డైరెక్టర్‌కు సెక్రటరీగా పెట్టాం. అయినా దొంగ దొరికేదాకా ఎవర్నీ నమ్మకు. ఆమెనైనా సరే.”

ప్రొద్దుటూరులో ఆ ఆఫీసుకు ‘వేరుశనగ పరిశోధన కేంద్రం’ అని బోర్డు. అది 1969 వేసవి. ఊరంతా మాడిపోతుంటే ఆ ఒక్క గదిలోనే ఏసీ. గదిలో బీరువాలంత కంప్యూటర్. ఖాకీ చొక్కా, టూల్‌బాక్స్‌తో వచ్చిన మెకానిక్‌ను డైరెక్టర్ రామచంద్రయ్య ఎగాదిగా చూశాడు.

“పెన్నలో నీళ్లొచ్చినాయా?”

“ఇసుకొచ్చింది సార్.”

కోడ్ సరిపోయింది.

ఆఫీసులో ప్రతి మనిషికీ ఒక అట్టకార్డు. దాని చిల్లులను బట్టి మెషీన్ మనిషిని గుర్తుపట్టి, అతనికి అనుమతి ఉన్నంతవరకే చూపిస్తుంది. మ్యాప్ చూసే పూర్తి అనుమతి ఒకేసారి ఒక్కరికే. అది డైరెక్టర్‌ది. జనార్దనం అనుమతులన్నీ ప్రింట్ తీసి చూశాడు. డైరెక్టర్ స్థానంలో వేరే పేరుంది. ఇనాయతుల్లా, కార్డు ఆపరేటర్. వచ్చీ రాగానే తనకు టీ తెప్పించిన మనిషి.

“నాకేం తెలీదప్పా. నా కార్డు నా జేబులోనే ఉంటాది.”

అబద్ధం కాదు. మ్యాప్ మొదటి సగం బయటికి పోయింది శుక్రవారం, జుమ్మా నమాజు వేళ. అప్పుడు ఇనాయతుల్లా మసీదులో ఉన్నాడు; సెలవిచ్చింది డైరెక్టరే. ఎవరో డైరెక్టర్ కార్డును కాసేపు వాడుకుని అనుమతిని ఇనాయతుల్లా పేరుకు మార్చారు, అతని కార్డుకు నకలు కొట్టారు. నింద అతని మీద పడాలని.

ఒక్క వైరు మారిస్తే అంతా సరైపోతుంది. కాని దొంగ జారుకుంటాడు. జనార్దనం వైరు మార్చలేదు. అందరూ చూస్తుండగా కానిస్టేబుల్‌తో ఇనాయతుల్లాకు బేడీలు వేయించి, అతని కార్డు లాక్కున్నాడు.

“దొంగ దొరికాడు,” అన్నాడు గట్టిగా. “మెషీన్‌ను రేపు సరిచేస్తాను.”

అంటే దొంగకు మిగిలింది ఈ పూటే.

అప్పుడే ఇనాయతుల్లా భార్య ఖమర్‌బీ క్యారియర్‌తో గేటు దగ్గరికొచ్చింది.

“ఏంది సార్ ఇది? యాడికి తీసకపోతాండారు? మా ఆయన ఏం జేసినాడు?”

“దేశద్రోహం.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. ఆమె ఏడవలేదు. క్యారియర్‌ను గుండెకు అదుముకుంది.

“పొద్దున్నుంచి ఏం తిన్లేదు సార్ ఆయన. రెండు ముద్దలు తిన్నంక తోలకపోండి.”

కానిస్టేబుల్ తల తిప్పి జనార్దనం వైపు చూశాడు. ఒక్క కనుసైగ చాలు. కాని ఇనాయతుల్లా ముఖంలో భయం నిజంగా కనబడాలి. జనార్దనం అడ్డంగా తల ఊపాడు.

“దుడ్లకు అమ్ముడుబోయినాడంట,” అంది వీధి.

ఆఫీసు ఖాళీ అయ్యాక జనార్దనం మెషీన్ వెనక వైర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలు. రుక్మిణి!

ఆరేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి. చెయ్యి కదలలేదు. ఈలోగా ఆమె కార్డు లోపలికి పోయింది. ప్రింటర్ టకటకలాడింది. మ్యాప్ పేరు పడింది, గీతలు పడ్డాయి. మొదటి కొండ గుర్తు పడబోతుండగా జనార్దనం అనుమతి వైరు పీకేశాడు.

ఆ గీతల కింద ఇక రెండే మాటలు పడ్డాయి: నో పర్మిషన్.

రుక్మిణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి గురిపెట్టింది. పేలింది. గుండు పైకప్పుకు తగిలింది, ఎందుకంటే అంతకుముందే టూల్‌బాక్స్ ఆమె మణికట్టుకు తగిలింది. బయట మఫ్టీలో ఉన్న కానిస్టేబుళ్లు లోపలికి దూకారు.

“ఆ అరెస్టు నాటకమా?” అంది మణికట్టు పట్టుకుని. “నిజమే అనుకున్నాను. బ్యూరో నన్ను నమ్మింది, అమ్మేశాను. ఆ ఆపరేటర్ నిన్ను నమ్మాడు, నువ్వూ అమ్మేశావు. నాకు డబ్బయినా ముట్టింది.”

జనార్దనం మెషీన్‌లోంచి నకలు కార్డును బయటికి లాగాడు.

పొద్దు గూకేలోగా జమ్మలమడుగులో పత్తి వ్యాపారి బూటు మడమలో మ్యాప్ మొదటి సగం దొరికింది. చీఫ్ ఫోన్‌లో శభాష్ అన్నాడు.

మర్నాడు జనార్దనం ఇనాయతుల్లాను జీపులో స్వయంగా ఇంటికి తీసుకెళ్లి, వీధిలో నిలబడి చెప్పాడు: “ఇతను ఏ తప్పూ చేయలేదు.” అరెస్టు చూడ్డానికి వచ్చినంతమంది ఆ మాట వినడానికి రాలేదు.

“నువ్వు చేయలేదని నాకు ముందే తెలుసు,” అన్నాడు మెల్లగా.

ఇనాయతుల్లా అతని వైపు తిరిగాడు.

“తెలిసే జేసినావా?”

“ఆ.”

“తెలీక జేసింటే బాగుండేదప్పా.”

ఖమర్‌బీ తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

“కొత్త కార్డు కొట్టిస్తాను,” అన్నాడు జనార్దనం. “ఏ అనుమతులు కావాలో చెప్పు.”

“మా వీధిలో తలెత్తుకోని నడిచే అనుమతి ఉంటే కొట్టియ్యప్పా.”

ఆ చిల్లు కొట్టే మెషీన్‌ను బ్యూరో ఇంకా తెప్పించలేదు.