నురగ పడిపోయే గది

ఆ ఫ్లాట్‌లో పడకగదికి మంచి పేరు లేదు.

వంటామె పట్టపగలు కూడా ఆ గుమ్మం దాటదు. గది ఊడవమంటే కాళ్ళు బయటే ఉంచి, నడుము వరకు లోపలికి వంగి, చీపురు అందినంత మేర ఊడ్చి వచ్చేస్తుంది. "లోపల నీళ్ళు వాటంతట అవే కదుల్తాయండీ," అంటుంది. పక్క వాటా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. రాత్రిపూట ఆ కిటికీలో నీలం వెలుతురు కనిపిస్తుందట, అందులో ఎవరో కూర్చుని ఉంటారట! ఈ ముక్క ఆవిడ లిఫ్టులో చెప్పింది. లిఫ్టులో చెప్పిన మాటకు మెట్లెక్కే శ్రమ ఎక్కడిది? సాయంత్రానికి అన్ని అంతస్తులకూ చేరిపోయింది.

నీలం వెలుతురు మాట నిజమే. ఆ గదిలో గోడ పొడవునా ఒక సముద్రపు నీటి అక్వేరియం ఉంది. దాని రాత్రి దీపం నీలం. మిగతాది మాత్రం... విన్నది విన్నట్టు చెప్తాను. పడుకునే ముందు దీపం ఆర్పాలో వద్దో మీరే తేల్చుకోండి.

ఆ ఇంటాయన చెవి మిషన్లు అమర్చే మనిషి. వచ్చినవాళ్ళకు వినపడీ వినపడని కూతలు వినిపిస్తూ "ఇది వినపడిందా? మరి ఇది?" అని రోజంతా అడగడం ఆయన పని. అందరికీ శబ్దం వినపడేలా చేసే ఆ మనిషికి ఇంట్లో భార్య పోరు మాత్రం ఒకటే. శబ్దం తగ్గించమని.

ఆ శబ్దం స్కిమ్మర్‌ది. అక్వేరియం కింద అల్మరాలో నిలబెట్టిన లావుపాటి గొట్టం అది. గాలినీ నీళ్ళనూ కలిపి చిలికి, నీళ్ళలోని మురికిని నురగ చేసి పైనున్న కప్పులోకి ఎక్కిస్తుంది. అది లేకపోతే చేపలకు బతుకు లేదు. అది ఉంటే భార్యకు నిద్ర లేదు.

"నీ రెండో పెళ్ళాం గురక పెడుతోంది, లేచి చూడు," అనేది దుప్పట్లోంచి.

"కొత్త కాపురం కదా, మెల్లిగా సర్దుకుంటుంది."

"ఆవిడ సర్దుకునేలోపు నేను పెట్టె సర్దుకుంటాను."

సరదాకే అనేది. ఒంట్లో బాగోలేని రోజులు వచ్చాక ఆ సరదా గొంతు సన్నబడిపోయింది. నిద్ర నిజంగానే కావలసి వచ్చింది. అప్పుడు పట్టాడు పంతం. పంపు కింద మెత్తటి స్పాంజి పరిచాడు. గాలి పీల్చే గొట్టానికి సైలెన్సర్ తగిలించాడు. అల్మరా తలుపుల లోపలి వైపు ఫోమ్ అంటించాడు. నీటి మట్టం కాస్త పెంచి, వెంట్రుకవాసి దించి, మళ్ళీ పెంచి... ఆమె ఆసుపత్రిలో ఉండగా ఒక రాత్రి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. కప్పులో నురగ మాత్రం మీగడలా పైకి పాకుతోంది.

ఆ సంగతి చెబుదామని మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఆమెకు స్పృహ లేదు. మళ్ళీ రానూ లేదు. ఆ నిశ్శబ్దం ఆమె వినలేదు.

ఆ తర్వాత ఆయన ఆ గదిలో పడుకోలేదు. హాల్లో సోఫా మీదే పడక. కూతురు పోయాక అత్తగారు ఇక్కడే, చిన్న గదిలో ఉండిపోయింది. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఏడవరు. "తిన్నావా బాబూ?" "తిన్నాను అత్తయ్యా." రోజు మొత్తానికి మాటలు అంతే.

అసలు సంగతి అప్పుడు మొదలైంది.

పొద్దున్నే కప్పు కడగడానికి వెళ్ళేవాడు. అందులో చిక్కటి టీ రంగులో మురికి ఉండాలి. ఒకరోజు చూస్తే ఖాళీ! నురగంతా గొట్టం అడుక్కి పడిపోయి ఉంది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంది.

అక్వేరియం పెంచేవాళ్ళకు దీని అర్థం తెలుసు. నీళ్ళలో జిడ్డు కలిసింది. అంటే... ఎవరో చెయ్యి పెట్టారు.

ఆ అలవాటు ఒక్కరికే ఉండేది. భార్యకు. రాసుకున్న క్రీము ఆరకముందే చెయ్యి నీళ్ళలో పెట్టేది. లోపల రాళ్ళ సందులో ఎర్రచారల రొయ్య ఒకటి ఉంది, చేపల ఒంటి మీది మురికి ఏరుకు తినే రకం. అది వచ్చి ఆమె వేళ్ళ మీదికెక్కి, గోళ్ళ సందులు ఒక్కొక్కటే శుభ్రం చేసేది. "పార్లర్‌కి వెళ్ళడం దేనికి, ఇంట్లోనే ఉందిగా!" అని మురిసిపోయేది. తెల్లారేసరికి నురగ పడిపోయేది. ఆయన విసుక్కునేవాడు.

ఇప్పుడు విసుక్కోలేదు. వంగి నేల చూశాడు. అక్వేరియం ముందు టైల్స్ మీద తెల్లటి చుక్కలు... ఉప్పునీళ్ళు ఆరిన మరకలు.

వంటామె అయ్యుండదు, ఆమెకు గది పేరెత్తితేనే హడల్. అత్తగారా? మోకాళ్ళ నొప్పితో ఆవిడ మంచం దిగడమే గగనం.

మర్నాడూ కప్పు ఖాళీ. ఆ మర్నాడూ అంతే.

విచిత్రం వినండి. భయపడాల్సిన మనిషి, ఖాళీ కప్పు చూడ్డానికని హుషారుగా లేవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. రాత్రయితే గది తలుపు దగ్గరగా వేసి, పొరపాటున కూడా తొంగి చూసేవాడు కాదు. చూస్తే... రావడం మానేస్తుందేమోనని.

ఆదివారం చెల్లెలు వచ్చింది. వస్తూనే పట్టేసింది.

"ఏంటన్నయ్యా, తళతళలాడిపోతున్నావు? ఎవరా పిల్ల?"

"మీ వదినే."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. ఆయన చెప్పిందంతా వింది. తర్వాత అక్వేరియం దుకాణం అతనికి ఫోన్ చేసింది.

"రేపు పొద్దున వచ్చి మొత్తం పట్టుకుపోతాడు. వదిన పోయింది చాలు, నువ్వు కూడా పోవద్దు," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఆయన కాదనలేకపోయాడు.

అంటే, ఇంక ఈ రాత్రే.

ఆ రాత్రి సోఫా మీద నడుము వాల్చలేదు. కూర్చున్నాడు. ఇల్లు సద్దుమణిగింది. ఫ్రిజ్ ఓసారి వణికి ఊరుకుంది. గోడ అవతల ఎవరో దగ్గారు... మళ్ళీ నిశ్శబ్దం.

అప్పుడు—

నీళ్ళు కదిలిన చప్పుడు.

చెవులే బతుకుగా ఉన్న మనిషి. పొరబడడు.

లేచాడు. తలుపు మెల్లిగా తోశాడు.

నీలం వెలుతుర్లో, స్టూలు మీద, అటు తిరిగి ఎవరో కూర్చుని ఉన్నారు. భుజాల మీద భార్య ఊదారంగు శాలువా. విరబోసిన జుట్టు. కుడి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ఉంది.

ఆయన గుమ్మంలోనే ఆగాడు.

"...ఏమోయ్," అన్నాడు గుసగుసగా.

కదలిక లేదు.

"ఏమోయ్... నేనే."

ఊహూఁ.

"చప్పుడు ఆగిపోయింది, విన్నావా? ఆవేళ నీకు అదే చెబుదామని వచ్చాను..."

ఆ తల ఇటు తిరగలేదు. మాటే చేరని చోట కూర్చున్నట్టుంది. ఆయన అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, భుజం తాకాడు—

"అమ్మో!"

ఆ కేక బతికున్న మనిషిది. అత్తగారు!

చెవి మిషన్ తీసేసి ఉంది. ఆ మిషన్ అమర్చింది ఆయనే. పడుకునే ముందు తీసేయమని మరీ మరీ చెప్పిందీ ఆయనే. చిన్న గదికీ పడకగదికీ మధ్యలో, రెండు వైపులా తలుపులున్న స్నానాలగది ఉంది. గోడ పట్టుకుని అటునుంచి వచ్చేస్తోందన్నమాట. ఆవిడ ఒంటి మీంచి మోకాళ్ళ నూనె వాసన గుప్పుమంది. అది రాసుకున్న చేత్తోనే...

ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. భార్య పోయిన రోజున అందరి ముందూ నిబ్బరంగా నిలబడ్డ మనిషి, ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె రెండోసారి పోయింది.

అత్తగారికి ఏడుపు వినపడలేదు, కదిలే భుజాలు కనపడ్డాయి. తన గొంతు తనకే వినపడదు కదా, గట్టిగానే మాట్లాడింది.

"కోప్పడకు బాబూ. రేపు పట్టుకుపోతారట కదా... నువ్వు ఏడవవు, నేను ఏడవను. ఈ రొయ్య మాత్రం రోజూ వచ్చి నా వేళ్ళన్నీ తడుముతుంది. నా చేతిలో నా కూతురి చెయ్యి ఉందేమోనని వెతుక్కుంటుంది. ఈ ఇంట్లో నా పిల్లని దాచుకోకుండా వెతుకుతున్నది ఇదొక్కటే."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. పెదవులు కనపడేలా ఎదురుగా జరిగి, మాట మాట విడదీసి అన్నాడు.

"పట్టుకుపోనివ్వను, అత్తయ్యా."

"ఆఁ?"

"ఎక్కడికీ... పోనివ్వను."

ఆవిడ తలూపింది. జరిగి స్టూలు మీద కాస్త చోటిచ్చింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, పక్కన ఒదిగి, తన చెయ్యి కూడా నీళ్ళలోకి దించాడు. నీలం నీళ్ళలో రెండు చేతులు, మధ్యలో కాస్త ఎడం.

రొయ్య బయటికొచ్చింది. తెల్లటి మీసాలు ఊపుకుంటూ రాయి అంచు దాకా వచ్చి ఆగింది.

అత్తగారి వేళ్ళ వైపు వెళ్ళలేదు.

ఆయన వేళ్ళ వైపూ రాలేదు.

రెండు చేతుల మధ్య ఖాళీ నీళ్ళలోకి ముందుకాళ్ళు చాచి... మెల్లిగా, ఓపిగ్గా, ఏదో ఏరడం మొదలుపెట్టింది. ఒక గోరు అయ్యాక పక్క గోటికి జరిగినట్టు, రవ్వంత జరిగింది. మళ్ళీ ఏరింది. మళ్ళీ రవ్వంత జరిగింది...

ఇద్దరిలో ఎవరూ చెయ్యి కదపలేదు.