ఎనిమిదో నంబరు వెనక గాలి

ఆ కంపెనీలో ఏ గాలిమర ఎక్కడ నిలబడాలో తేల్చే మనిషిని అందరూ లెక్కలాయన అనేవారు. ఇంట్లో ఉప్పు డబ్బా కూడా కొలిచి పెడతాడని పేరు. ఆయన లెక్కేస్తే గాలి కూడా వరసలో నిలబడుతుందని మేనేజరు పొగిడేవాడు. మేనేజరు సంతకం పెట్టడమే తప్ప ఏ కాగితమూ పూర్తిగా చదివిన మనిషి కాదు, అది వేరే సంగతి.

లెక్క మరీ గొప్పదేం కాదు. తిరిగే మర వెనక గాలి నలిగిపోతుంది, సుడులు తిరుగుతుంది. చాలా దూరం పోతే గానీ తేరుకోదు. అందుకే ఒకదాని వెనక ఒకటి, రెక్కల చుట్టు వెడల్పుకి ఏడింతల దూరంలో పెట్టాలి. దగ్గరైతే వెనక మర రోజూ వణికి వణికి, ఇనుము అలిసిపోతుంది.

ఎనిమిదో నంబరుకి చోటు చాల్లేదు. లెక్కలాయన పటం మీద దాని చుక్కని కాస్త ముందున్న ఏడో నంబరు వైపు జరిపాడు. ఏడింతలు నాలుగింతలైంది. మేనేజరు సంతకం పెట్టాడు. ఇద్దరూ టీ తాగారు.

లెక్కలాయన తమ్ముడు అక్కడే బోల్టులు బిగించేవాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగుతో గీత గీసి, చివర చిన్న కొక్కెం తిప్పేవాడు. బోల్టు వదులైతే గీత విరుగుతుంది. ఎనిమిదిలో నెలనెలా విరిగేవి.

"అన్నా, దీనికేదో జబ్బుంది."

"బిగించు. నీ పని అదేగా."

ఆరుసార్లు చెప్పాడు. ఏడోసారి రెక్కే ఊడిపడింది. కింద తమ్ముడున్నాడు.

ఎనిమిదిని విప్పేశారు. గుండ్రటి సిమెంటు దిమ్మ మిగిలింది. చుక్క సంగతి లెక్కలాయన ఎవరికీ చెప్పలేదు. మరదలికి అసలే చెప్పలేదు. ఆమెదీ బోల్టులు బిగించే పనే. మొగుడి పానాలు, రంగు డబ్బా తనే తీసుకుంది.

నాలుగు నెలల తర్వాత ఒక కాగితం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"బావగారూ, పడమటి గాలి వీస్తే చాలు, తొమ్మిది వణుకుతోంది. ముందు ఎవరో నిలబడి గాలి నలుపుతున్నట్టు."

"ముందేముంది? దిమ్మేగా."

"నేనూ అదే అడుగుతున్నాను."

"వణుకు కొలిచే మీటరు పాడై ఉంటుంది."

"మీటరుకి నోరు లేదని దాని మీదకి తోసేయండి. రేపు మధ్యాహ్నం ఎక్కి చూస్తాను. వదులైతే బిగిస్తాను. నా పని అదేగా."

ఆ మాట ఎవరిదో లెక్కలాయనకి తెలుసు.

మర్నాడు ఆమె ఎక్కింది. ఆయన కుర్చీలో కూర్చోలేక దిమ్మ దగ్గరికి నడిచాడు. గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. గడ్డి నేలకి కరుచుకుపోయింది. ఆయన దిమ్మ ఎక్కాడు.

గాలి ఆగిపోయింది.

చుట్టూ గడ్డి ఊగుతూనే ఉంది. దిమ్మ మీద ఆయన చొక్కా అంచు కూడా కదలడం లేదు. గ్రీజు వాసన. పైన ఖాళీ ఆకాశంలో... ఏదో బరువైనది, మెల్లగా తిరుగుతున్న చప్పుడు.

చిన్నప్పుడు ఎదురుగాలిలో సైకిళ్ల మీద బడికి వెళ్లేటప్పుడు తమ్ముడు ఆయన వీపు చాటునే తొక్కేవాడు. అన్న కాస్త పక్కకి తప్పుకుంటే ఒకటే గోల.

వీపుకి వెచ్చగా ఊపిరి తగిలింది.

"జరక్కు అన్నా... గాలి కొడుతోంది."

ఫోను మోగింది. మరదలు.

"బావగారూ, వణుకు ఆగింది. పైనుంచి మీరు కనిపిస్తున్నారు. గీతలన్నీ కలిసే ఉన్నాయి. చివర... చివర కొక్కేలున్నాయి. రంగు తడిగా ఉంది." అటునుంచి అడుగు జరిగిన చప్పుడు. "ఒక్కదానికి మాత్రం గీత లేదు. చుక్క పెట్టి ఉంది. ఈ చుక్కేమిటి?"

ఆయన దిగబోయి ఒక కాలు ఎత్తాడు. ఫోనులో ఇనుము మూలిగింది. కాలు మళ్లీ అక్కడే పెట్టాడు. అక్కడే నిలబడి మొత్తం చెప్పాడు.



"నేను దిగేదాకా అక్కడే ఉండండి" అంది. బావగారూ అనలేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

లెక్కలాయన ఉద్యోగం పోయింది. మేనేజరుది పోలేదు, ఆయన చదవలేదు కదా. తొమ్మిదిని ఆపేయమని ఆమె రాసిచ్చిన కాగితం మీద కూడా సంతకం పెట్టాడు. అదీ చదవలేదు. తొమ్మిది తిరుగుతూనే ఉంది.

పడమటి గాలి వీచే మధ్యాహ్నాల్లో ఆయన వచ్చి దిమ్మ మీద నిలబడతాడు. మతి చెడిందని క్యాంటీన్లో అంటారు. అన్నవాళ్లెవరూ అటువైపు వెళ్లరు. ఆమె పలకరించదు. కానీ ఆయన ఉన్నాడో లేడో చూశాకే నిచ్చెన మీద కాలు పెడుతుంది.

పైన గీతలు బాగానే ఉంటున్నాయి. ఆ చుక్క మాత్రం ఎక్కిన ప్రతిసారీ ఒక బోల్టు పక్కకి జరిగి ఉంటోంది. రెక్కని పట్టి ఉంచే ఆ చుట్టులో బోల్టులు తొంభై రెండు. మొదట కనిపించిన దాన్నుంచి లెక్కేస్తే, మొన్నటికి ఎనభై తొమ్మిదో దాని మీదుంది.